పని పోయినవాడికి చోటులేని లెక్క

మంగళవారం రాత్రి, శంషాబాద్

సర్కారు ప్రాజెక్టుకు భూమి ఇచ్చేస్తే ఏడాది తిరక్కుండా ఉద్యోగం వస్తుందని, ఆ ప్రాజెక్టు రిపోర్టు రాసిన నా క్లాస్‌మేటు విఠల్‌రావు మా తమ్ముడు జంగయ్యకు మాటిచ్చాడు. రిపోర్టులోని లెక్కల మోడల్ అలా చెప్పిందట. ఉద్యోగం రాలేదు. సేద్యం తప్ప మరో పని తెలియని జంగయ్య ఖాళీగా కూర్చుని కూర్చునే పోయాడు.

ఒక చోట మార్పు వస్తే మార్కెట్లన్నీ ఎలా సర్దుకుంటాయో లెక్కగట్టే ఆ సమతౌల్య నమూనాలను ఈ వయసులో నేర్చుకుంటున్నాను. పై వాటాలో కిరాయికుండే ఎకనామిక్స్ లెక్చరర్ నస్రీన్ నేర్పుతోంది. ఈరోజు ఆ రిపోర్టు సమీకరణాలనే కంప్యూటర్లో నడిపించాం.

"పని పోయినోళ్లు ఈ లెక్కల ఏడ ఉన్నరమ్మా?"

"ఏడా లేరు అంకుల్. పని పోతే వెంటనే ఇంకోటి దొరుకుతదని ముందే అనుకున్నరు."

"అంటే ఉద్యోగాలు లెక్కల తేలలేదా?"

"తేలుడేంది అంకుల్! లెక్క షురూ కాకముందే ఆ షరతు పెట్టిన్రు."

ఆ షరతు తీసేసి నడిపితే తెరమీద నిరుద్యోగం లేచి కూర్చుంది. మోడల్ అబద్ధమాడలేదు, చెప్పమన్నదే చెప్పింది. ఇన్నేళ్లూ సర్కారునీ తలరాతనీ తిట్టుకున్నాను. ఇక ఆ అవసరం లేదు. ఆ షరతును తెలిసి తెలిసి పెట్టినవాడు విఠల్‌రావు.