తాడుకు రెండో కొస

20-4-1989
కల్వర్టు కింద అన్నలు పెట్టిన మందుపాతర పేలింది. జీపు తుక్కుతుక్కయింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు అక్కడికక్కడే పోయిన్రు. నిన్న పొద్దున నా హోటల్లో పెసరట్టు తిన్నోళ్ళే. అందులో ఒకడు చట్నీ, చట్నీ అని రోజూ నా ప్రాణం తీసేటోడు. ఇవాళ వాణ్ణి గోనెసంచిలో మూటకట్టి తెచ్చిన్రు.

27-4-89
కొత్త ఎస్సై వచ్చిండు. కోస్తా మనిషి. కొమ్మ కదిలినా పిస్తోలు మీద చెయ్యి వేస్తడు. టిఫిన్ తినుకుంట ఈ ఊరి హిస్టరీ ఏంటని అడిగిండు. ఏముంది? ముందు నుంచి కోయోళ్ళున్నరు. మిర్చి తోటలకు భూములు చవకని మా బోనకల్ దిక్కు నుంచి మేమొచ్చినం. వాగు దాటితే మధ్యప్రదేశ్. అక్కడోళ్ళు ఉప్పు కోసం సంతకొచ్చిన్రు. అటెన్క అన్నలొచ్చిన్రు, వాళ్ళ వెనక పోలీసులు. కోయోళ్ళు పిలిస్తే వచ్చినోడు ఒక్కడు లేడు. ఇంత చెప్తే ఆయన కాఫీలో చక్కెర తక్కువైందన్నడు.

9-5-89
నాగక్క సెలవడిగింది. నా హోటల్లో నీళ్ళు మోసేది, పిండి రుబ్బేది ఆమెనే. వాళ్ళ కోయోళ్ళ భూమి పండుగ కదా. మొగోళ్ళు విల్లంబులు పట్టి వేటకు పోతరు. ఆడోళ్ళు రోడ్డుకు అడ్డం తాడు పట్టుకోని పాటలు పాడుతరు. వచ్చే పోయే బండ్లను ఆపి చిల్లర అడుగుతరు. ఇచ్చినోడు పోతడు, ఇయ్యనోడికి తిట్లు.

వేట నుంచి ఉత్త చేతుల్తో వచ్చిన మొగోడికి పేడనీళ్ళ స్నానమే. నాగక్క మొగుడు బొజ్జయ్య ఇంతవరకు ఎలుకను గూడ కొట్టలే. ఈసారి నా పెరట్లనే కుండ నిండ పేడ కలిపి పెట్టింది. నా ఆవు పేడ, నా కుండ, దాని మొగుడు! మూడేండ్లుగా మొగుడి మొకం మీద ఎట్ల పోసిందో చేసి చూపిస్తుంటే నవ్వలేక నా పక్కటెముకలు నొచ్చినయ్.

ఎస్సైకి చెప్పిన. ఎల్లుండి మూలమలుపు కాడ ఆడోళ్ళు తాడు కడ్తరు, భయపడకు సార్, ఒక రూపాయి పారేసి పో అని. ఆయన తల ఊపిండు. తల ఊపంగ నేను చూసిన.

11-5-89, పగలు
చంపిండు.

కాల్పులు వినపడంగనే ఉరికిన. మూలమలుపు కాడ ఎస్సై జీపు అడ్డం తిరిగి ఉంది. తాడు రెండో కొస పట్టిన పుల్లమ్మ మట్టిలో పడి వణుకుతున్నది. ఆడోళ్ళు ఈలలేసి కేకలు పెడ్తే అన్నలు సిగ్నల్ ఇస్తున్నరనుకున్నడంట. బ్రేక్ గూడ పూర్తిగ వెయ్యకముందే కాల్చిండు. నాగక్కకు గొంతులో ఒకటి, రొమ్ములో ఒకటి. తాడు చేతిల అట్లనే ఉంది. ఒళ్ళోని చిల్లరంత రక్తంలో పడ్డది. నేను కొంగుతో గొంతు అదిమి పట్టిన. నా వేళ్ళ సందుల నుంచి కారింది. నా దిక్కే చూసింది. తర్వాత చూడలే.

తుపాకి లేదు. నా రెండు కండ్లతో చూసిన, ఏ తుపాకీ లేదు.

11-5-89, పొద్దుగూకంగ
వేటగాళ్ళు తిరిగొచ్చిన్రు. డోలు కొట్టుకుంట. వాళ్ళకింకా తెల్వదు.

బొజ్జయ్య అందరికంటే ముందున్నడు. ఈ ఏడు కొట్టిండు. కుందేలు. దాని చెవులు పట్టి ఎత్తి, నాగో, నీ కుండ పారబోసుకో అని అరుచుకుంట వచ్చిండు.

ఇంక రాయలేను.

12-5-89
పేపర్లో పడ్డది. ఎన్‌కౌంటర్‌లో మహిళా నక్సలైట్ మృతి, నాటు తుపాకి స్వాధీనం. ఆ తుపాకి ఏ స్టేషన్లో పుట్టిందో!

ఎస్సై వచ్చిండు. ఎంక్వైరీ ఉంటదంట. పండుగ సంగతి నేను ఆయనకు చెప్పలేదని చెప్పాలంట. నాగక్క అన్నలకు అన్నం మోసేదని చెప్పాలంట. ఇంత మంచి హోటల్ ఒంటరి ఆడదానివి నడుపుకుంటున్నవ్, నడుపుకో అన్నడు. చాయ్ తాగి పోయిండు.

భయమైంది. అబద్ధమెందుకు, శానా భయమైంది.

19-5-89
పిండి నేనే రుబ్బిన. చేతులు బొబ్బలెక్కినయ్.

24-5-89
ఎంక్వైరీ ఆఫీసర్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పిన. ముందే చెప్పిన సార్, తల ఊపిండు సార్ అని. నాగక్క ఏనాడూ నా రోలు తప్ప తుపాకి పట్టలేదన్న. పెద్ద సారు అంత విని, సాక్ష్యానికొచ్చిన పుల్లమ్మను కోయ భాషలో అడిగియ్యకుండానే వాపస్ పంపిచ్చిండు. ఆమెకు తెలుగు సరిగ్గ రాదు. నా మాట రాసుకున్నరో లేదో గూడ తెల్వదు.

బయటికొచ్చి హోటల్ తెరిచిన. ఎస్సై నలుగురిని వెంటేసుకొని వచ్చి కూర్చున్నడు. అందరు వినంగ, పండుగ పూట మా వేట బాగనే పడ్డది కదా బుల్లెమ్మా అన్నడు.

పెరట్లకు పోయిన. నాగక్క కలిపిన కుండ అట్లనే ఉంది. పురుగులు పట్టి కంపు కొడుతున్నది. ఎత్తుకొచ్చి ఆయన నెత్తి మీద కుమ్మరించిన. టోపీ, యూనిఫాం, మీసం, అంతట. ఇది నాగక్క పోసిందనుకో అన్న.

నా అంతట నేనే నవ్విన. పిచ్చిదాని లెక్క.

30-5-89
ఎడమ చేత్తో రాస్తున్న. లాఠీలతో కొట్టిన్రు. కుడి చెయ్యి మోచేతి కాడ విరిగింది. భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టిన్రు. రోలు పగలగొట్టిన్రు. ఆవును గూడ కొట్టిన్రు, అదేం చేసింది?

3-9-89
బొజ్జయ్య అడవిలకు పోయిండంట. వేటకు కాదు.

17-1-90
ఎస్సైకి ప్రమోషన్ మీద ట్రాన్స్‌ఫర్. స్టేషన్లో అందరికి స్వీట్లు పంచిన్రు. నాకు గూడ ఒక పొట్లం పంపిండు. ఆవుకేస్తే అది గూడ ముట్టలే.

8-5-90
పుల్లమ్మ వచ్చింది. రేపు దారి కడ్తరంట. మూలమలుపు కాడనే. తాడుకు రెండో కొస పట్టే మనిషి లేదంట.

కుడి చెయ్యి ఇంకా లేవదు. ఎడమ చేత్తో పడ్త అని చెప్పిన.