మూడో ప్రకటన

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు టైటస్‌కు,

అక్క అబిగయీలు దీవెనలు. నేను పట్నం తిరిగొచ్చాక నా ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఈ ఉత్తరం.

ఆదివారం చర్చిలో అయ్యగారు మీ పెళ్లి మూడో ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. మామూలుగా ఎవరూ లేవరు. పెళ్లికూతురి మేనమామ హెబ్రోను గారు లేచారు. వాతావరణ మార్పు గురించి బడిపిల్లలకు నేను చేసిన వీడియో చూపించి, "ఈ ఊరు సముద్రంలో కలిసిపోతాదని మీ అక్కే చెప్తుండాదే, మా పిల్లని యాడికి పంపేది?" అన్నారు.

నువ్వేమన్నావు? "జీతం కోసం చెప్తాదయ్యా, అంతా అబద్ధం." అందరూ నవ్వారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది.

బ్యాంకు కోచింగ్ మానేసి, బళ్లకు తిరిగి వాతావరణ పాఠాలు చెప్పే ఈ పనిలో చేరినప్పుడు ఊరంతా ఎగతాళి చేస్తే, నన్ను వెనకేసుకొచ్చింది నువ్వొక్కడివే. హెబ్రోను గారు కావలిలో హెడ్మాస్టరు. సొంత తమ్ముడే అబద్ధమన్న మనిషిని తమ బడికి పంపొద్దని మా సంస్థకు రాశారు. మిగతా బళ్లూ అదే దారి పట్టాయి. ఆయనకు ఒక్కసారి నిజం చెప్పరా. లేకపోతే నా ఉద్యోగం ఉండదు.

నీ అక్క,
అబిగయీలు

ప్రియమైన అక్కకు,

వందనాలు. ఫోన్లో మాట్లాడితే నాన్న వింటాడు, ఆయన నోట్లో మాట దాగదు.

నువ్వడిగింది చెయ్యలేను. నిన్ను నమ్మక కాదు. మన బావి ఉప్పుబారింది, పోయినేడు పడవలు లాగిపెట్టిన చోట ఇప్పుడు నీళ్లే. నమ్మాను కాబట్టే పెళ్లి కాగానే నాన్నని తీసుకుని కావలికి వెళ్లిపోతున్నాం. ఇల్లు అమ్మాలి. మునిగే ఊళ్లో ఇల్లు ఎవరు కొంటారక్కా?

తుఫానులో గుడిసె పోయిన మన మగ్దలీనమ్మత్త కొంటానంది. నువ్వు ఊరుకోవని తెలుసు, అందుకే బతిమాలుతున్నాను. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నువ్వు అబద్ధాలకోరువిగానే ఉండు. ఊరు వదలమని ఇన్నేళ్లు చెప్పావు. విన్నది నేనొక్కణ్ణే.

నీ తమ్ముడు,
టైటస్

అబిగయీలుకు,

మగ్దలీనమ్మత్త రాసేది. ఇల్లు కొనొద్దని నువ్వు రాసిన ఉత్తరం అందింది. తమ్ముడు బాగుపడతా ఉంటే ఓర్వలేకపోతుండావా తల్లీ? బిడ్డ దేవుడి ముందర నిలబడి అబద్ధం చెప్తాడా? నిన్ను బళ్లోకి ఎందుకు రానీలేదో ఇప్పుడు తెలిసింది.

నిన్ననే రిజిస్ట్రేషన్ అయింది. నా మనవళ్లు ఇల్లంతా గంతులేస్తుండారు. నిన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నదాన్ని, కోపం పెట్టుకోను. ఉద్యోగం లేకుండా పట్నంలో ఏం తింటావు? వచ్చేయ్. సముద్రం వైపు గది నీకోసమే ఖాళీగా ఉంచినా.

మీ అత్త,
మగ్దలీనమ్మ