పెంచి రాసిన వయసు

ట్రాఫిక్, ఖరగ్‌పూర్
5 డిసెంబరు 1991

నా బంగారు సూసన్నకు తాత దీవెనలు.

ఉత్తరం అందింది. కలకత్తా శిబిరంలో నీ స్కూలు సర్టిఫికెట్ చూసి, పద్దెనిమిది నిండాయంటూ జకార్తా జూనియర్ బ్యాడ్మింటన్ పోటీల జాబితాలోంచి పేరు కొట్టేశారని రాశావు. నీకు పదిహేడే. ఆ పుట్టినతేదీ రాయించింది నేనని మనింట్లో అందరికీ తెలుసు. ఎందుకు రాయించానో మాత్రం ఎవరికీ తెలియదు.

మన ట్రాఫిక్ రైల్వే కాలనీలో వయసు తగ్గించుకోనివాడు లేడు. పక్క క్వార్టరు నూకయ్య కాగితాల ప్రకారం సొంత తమ్ముడి కంటే రెండేళ్లు చిన్న. తమ్ముడు రిటైరై ఇంట్లో కూర్చుంటే అన్న ఇంకా వర్క్‌షాపుకు సైకిలు తొక్కుతున్నాడు. ఇంత పెద్ద రైల్వే ఊళ్లో వయసు పెంచి రాయించిన తెలివితక్కువవాణ్ణి నేనొక్కణ్ణే. "చదువు మీద మక్కువతో నాలుగేళ్ల పిల్లను బళ్లో వేశాడు మా నాన్న" అని మీ నాన్న ఊరంతా చెబుతాడు. ఆ పొగడ్త పదమూడేళ్లుగా తల వంచుకుని పుచ్చుకుంటున్నాను.

అది నిజం కాదమ్మా. డెబ్బై ఎనిమిదిలో రిటైరయ్యాను. మీ నాన్న గూడ్సు గార్డు, లైను మీద పోతే మూడు రోజులకు గానీ రాడు. అమ్మకు ఆసుపత్రి డ్యూటీ. నిన్ను నా చేతుల్లో పెట్టారు. నలభై ఏళ్లు ఇనుము అరగదీసినవాణ్ణి, రైల్వే వాళ్ల క్లబ్బు, ఆ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని పేపరు చదవాలని, క్యారమ్స్ ఆడాలని కలలు కన్నాను. నువ్వేమో గంటకు వంద ప్రశ్నలు వేసేదానివి, గోడ సున్నం గీరి తినేదానివి. బరువనిపించావు. ఐదేళ్లు నిండితేనే చేర్చుకుంటామన్నారు బళ్లో. నిండాయని రాశాను. నువ్వు గేటు పట్టుకుని ఏడుస్తుంటే వెనక్కి తిరిగి చూడకుండా ఇన్‌స్టిట్యూట్‌కు పోయాను. నా విద్యాభిమానం అంత వరకే.

నీ అసలు తేదీ చర్చి బాప్తిస్మం రిజిస్టరులో ఉంది. పాస్టరు తీతు గారు నకలు రాసి సంతకం పెట్టారు. ఒక్క నకలు చాలదు, తప్పు రాయించినవాడు కోర్టులో ప్రమాణం చేసి ఒప్పుకోవాలని శిబిరం వాళ్లు అన్నారని రాశావు. మేదినీపూర్ కోర్టుకు పోతున్నానంటే మీ నాన్న అడ్డం నిలబడ్డాడు.

"ఏటి నాన్నా, డెబ్బై దాటినాక అబద్ధమాడినానని కోర్టులో సెప్తావేటి? సర్చి పెద్దవి నువ్వు."

"పెద్దనేరా, దేవుణ్ణి కాను గదా."

"పెన్షను ఆపేస్తే?"

"ఆపనీ. నీ ఇంట్లో తింటాను."

ఆ మాటకు పక్కకు జరిగి దారిచ్చాడు.

కోర్టు బయట టైపు కొట్టే బెంగాలీ కుర్రాడు నవ్వాడు. "దాదూ, మీరూ వయసు తగ్గించడానికేనా?" "సరిచెయ్యడానికి," అన్నాను. వాడు దయగలవాడు, 'పొరపాటున రాయించితిని' అని కొట్టాడు. ఆ కాగితం చింపించి, 'తెలిసే రాయించితిని' అని మళ్లీ కొట్టించాను. పొరపాటంటే వాళ్లు ఇంకో కాగితం అడుగుతారు. నేరం ఒప్పుకున్నవాణ్ణి ఇంకేమడుగుతారు?

ఆ కాగితం, పాస్టరు గారి నకలు ఇందులో ఉన్నాయి. బల్ల మీద పెట్టు. బతిమాలకు. ఒప్పుకోకపోతే కబురు చెయ్యి, రిజిస్టరునూ పాస్టరునూ వెంటబెట్టుకుని నేనే వచ్చి వాళ్ల గుమ్మంలో కూర్చుంటాను. ఆదివారం చర్చిలో కూడా లేచి చెప్పబోతున్నాను. ముందు నీకు చెప్పాలనిపించింది.

నీ తాత,
కృపారావు


జకార్తా
16 జనవరి 1992

తాతకు,

'ప్రియమైన' అని రాయడం లేదు, గమనించు.

శిబిరంలో నా పేరు కొట్టేసిన పెద్దమనిషి నీ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇలా ఎవరైనా రాసిస్తారా?" అన్నాడు. "మా తాత రాసిస్తాడు," అన్నాను. పేరు మళ్లీ ఎక్కించారు.

ఇన్నాళ్లూ ఆ కథ నేనూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను తాతా. ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. మొదటి రౌండు మలేషియా అమ్మాయితో. మూడో గేములో నాలుగు తొమ్మిదితో వెనకబడ్డాను. అప్పుడు నువ్వు వెనక్కి చూడకుండా నడిచిపోవడం కళ్లకు కట్టింది. తర్వాతి ఏడు పాయింట్లూ నావే, పదకొండుతో గెలిచాను. రెండో రౌండు రెండు గేముల్లోనే ముగించాను. మా కోచ్ దీదీ, "ఇంత కోపం ఎవరి మీద?" అంటుంది. చెప్పలేదు.

రేపు క్వార్టర్ ఫైనల్. ఎదురుగా ఈ ఊరి పిల్ల, గ్యాలరీ అంతా ఆమెదే. నాకు భయం లేదు. అమ్మ నీ తరఫున రాసింది, నిన్ను మన్నించమని. ఈ పోటీలు అయ్యేదాకా మన్నించను.

సూసన్న