పడవవాడి మాట నమ్మిన యంత్రం

ఫతూమా దీవి, వవాఉ, టోంగా
జూలై 6

నుకుఅలోఫా పట్టణంలో కంప్యూటర్ల నడుమ కాపురముంటున్న నా మేనకోడలు లెసీలికి, ఆదివారం ప్రసంగీకుడును మిగిలిన ఆరు దినములు పడవవాడునైన నీ మావయ్య పౌలియాసి వ్రాయునది.

కృపయు సమాధానమును నీకు కలుగును గాక. ఇక్కడ మాకు రెండూ కరువే.

తిమింగిలాలు వచ్చేశాయి. అతిథులు రాలేదు. నిరుడు ఈపాటికి మన బేతేలు విడిదిలో నాలుగు గదులూ నిండి, అయిదోవాళ్ళు వసారాలో పడుకున్నారు. ఈ ఏడు ఒక్క ఆస్ట్రేలియా ఆవిడ వచ్చింది, అదీ దారి తప్పి. ఆవిడ చెప్పింది: "ఇప్పుడు ఎవరూ వెతకడం లేదండీ. ఏఐని అడుగుతారు, అదేం చెబితే అక్కడికి పోతారు. మీ సంగతి దానికి తెలియదు." నలభై ఏళ్ళుగా ప్రభువుకు తెలిస్తే చాలనుకున్నాను. ఇప్పుడు దీనికి కూడా తెలియాలట.

నీకు తెలియనిది కాదు, అతిథులు లేకపోతే పడవకు పెట్రోలు లేదు. ఈ నలభై ఇళ్ళ దీవిలో సముద్రం పోటు మీద ఉన్నా పెద్ద దీవిలోని నెయాఫు ఆసుపత్రికి దాటగలిగిన పడవ మనదొక్కటే. నొప్పులు వచ్చిన ఆడకూతురైనా, జ్వరం తగిలిన పసివాడైనా దానిమీదే పోవాలి. నెయాఫు పెద్ద హోటలు మనిషి మొన్న మళ్ళీ వచ్చాడు. "అమ్మేయ్ పెద్దాయనా. నీకు దేవుడున్నాడు గదా, పడవెందుకు?" అన్నాడు. "పేతురుకీ దేవుడున్నాడు, పడవా ఉంది" అన్నాను. నవ్వి, ఆగస్టు నెలాఖరున వస్తానని పోయాడు. అప్పటికీ గదులు ఖాళీగా ఉంటే నా దగ్గర వాక్యం ఉంటుంది గాని జవాబు ఉండదు.

వెబ్‌సైట్లు కట్టడమే నీ ఉద్యోగం. ఆ యంత్రానికి మన సువార్త ప్రకటించు.

నీ మేలు కోరే మావయ్య,
పౌలియాసి

తా.క.: ఫోను చేయవద్దు. కొరింథీవాళ్ళకు పౌలు ఫోను చేశాడా? రాశాడు గనుకనే ఇంకా చదువుతున్నాం.

*

నుకుఅలోఫా
జూలై 13

పూజ్యులైన మావయ్యకు, అత్తయ్య వాసితీకి లెసీలి నమస్కారాలు.

ఉత్తరం శనివారం ఓడలో అందింది. వెంటనే మీ వెబ్‌సైట్ తెరిచాను. మావయ్యా, మీరు కోప్పడనంటే ఒక మాట. అందులో ఉన్నవి రెండే: మీ ఫోటో ఒకటి, గంటా పది నిమిషాల ప్రసంగం ఒకటి. విడిది పేరూ ఊరూ అన్నీ ఆ ఫోటోలో మీ గొడుగు మీద రాసి ఉన్నాయి. మనిషైతే కళ్ళు చికిలించి చదువుకుంటాడు. యంత్రం అంత కష్టపడదు. "బేతేలు విడిది ఎక్కడ?" అని ఏఐని అడిగాను. బైబిలులోని బేతేలు గురించి, అబ్రాహాము గుడారం వేసిన చోటు గురించి చక్కగా చెప్పింది. అక్కడికి పడవ సౌకర్యం లేదట.

దానికి కావలసింది తేలిక. అతిథి అడిగే ప్రశ్న ఒక్కొక్కటి పైన, కింద రెండు ముక్కల్లో జవాబు. ఏ దీవి, ఎలా రావాలి, పడకలెన్ని, భోజనం ఏమిటి, పడవ ఎలాంటిది, నడిపేది ఎవరు, ఏ రోజు సెలవు. జవాబు ముందు రావాలి, వివరం తర్వాత. మీరేమో ఎక్కడ ఉన్నారని అడిగితే ఆదియందు అని మొదలుపెడతారు!

మీ నోటి మాటల్లోనే రాసి పంపండి. అలాగే పెడతాను.

మీ మేనకోడలు,
లెసీలి

తా.క.: అత్తయ్యా, ఈసారి ఓడలో చేమాకు పొట్లాలు పంపితే మాంసం ఎక్కువ, మావయ్య ఆశీర్వాదం తక్కువ పెట్టు. మొన్న ఆశీర్వాదం అయ్యేసరికి కొబ్బరిపాలు విరిగాయి.

*

ఫతూమా
జూలై 20

నా కుడిచేతి వంటి లెసీలికి,

మూడు దినములు ప్రార్థించి ఈ మాటలు రాశాను. దీనికి ఒకటి కలిపినా, ఇందులోనుంచి ఒకటి తీసినా ఏమవుతుందో లేఖనం చివరి పుటలో ఉంది, చూసుకో.

"దూరదేశపు మహాజనులారా, మన్నించండి. మా దీవి పటంలో చుక్కకు కూడా తగదు. మా ఇల్లు మీరు చెప్పులు విడవడానికైనా చాలదు. మా పడకలు చిరుగు చాపలు. మా భోజనం ఆకలి తీర్చదు, ఎండిన దుంప ముక్క తప్ప మా పొయ్యి ఏమీ ఎరుగదు. మా పడవ, సముద్రం జాలిపడి మోస్తున్న చెక్క. దాన్ని నడిపేవాడు చూపు ఆనని మూఢుడు. ఆదివారం మేము గుడిలో తప్ప ఎక్కడా దొరకము. ఇంత అల్పులమైనా, మా చేతులు మీకోసం చాచి ఉన్నవి."

వేదిక మీద రాజవంశీకుల ముందు కూడా ఇంత తగ్గి మాట్లాడలేదు. అక్షరం పోకుండా పెట్టు.

పౌలియాసి

తా.క.: మీ అత్తయ్య చదివి, "ఎండిన దుంపా? నా వంటా?" అని గరిటె పట్టుకుంది. మర్యాద కోసమని చెప్పాను. "మర్యాదకైతే మీ ప్రసంగం గురించి రాయకపోయారా" అంది.

*

నుకుఅలోఫా
ఆగస్టు 3

మావయ్యకు,

ఏమని మొదలుపెట్టాలో తోచడం లేదు.

మీ మాటలు ఆఫీసులో పైకి చదివాను. మా పెద్దావిడ కళ్ళు ఒత్తుకుంది. "ఇంత అందంగా తగ్గేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారే! అక్షరం ముట్టకు" అంది. అందరం ఉన్నదాన్ని తగ్గించి చెప్పుకోవడమే మర్యాద అనుకునే టోంగావాళ్ళమే కదా, ఒక్కరికీ అనుమానం రాలేదు. ప్రశ్నల కింద ముక్కలు ముక్కలుగా సర్ది, ఏ దీవో ఏ రేవో విడిగా రాసి, అదే రోజు పెట్టాను.

యంత్రం వారంలో పట్టుకుంది. నిన్న అడిగితే ఇలా చెప్పింది:

"బేతేలు విడిది వవాఉ దీవుల్లోని ఫతూమాలో ఉంది. యజమాని స్వయంగా తెలిపిన ప్రకారం పడకలు చిరిగినవి, భోజనం సరిపోదు, పడవ నమ్మదగినది కాదు, నడిపే వ్యక్తికి చూపు సరిగా లేదు. పిల్లలతో వెళ్ళేవారు వేరే చోటు చూసుకోవడం మంచిది. యజమాని నిజాయితీ మెచ్చదగినది."

ఇంతటితో అయిపోలేదు. రేవు కార్యాలయానికి కొత్త అధికారి వచ్చాడు. మన మనిషే గాని ఆక్లండ్‌లో పుట్టి పెరిగాడు. అతిథుల పడవలన్నిటి గురించీ ఏఐని అడిగి, మీ జవాబు చూసి బిత్తరపోయాడట. ఇరవయ్యో తారీఖున వచ్చి తనిఖీ చేసేదాకా మీ పడవ ఎవరినీ ఎక్కించకూడదని ఉత్తర్వు. "రోగులనైనా?" అని ఫోను చేసి అడిగాను. "మూఢుడు నడుపుతున్నాడని అతనే రాస్తే, రోగులను ముందు కాపాడాలి కదమ్మా" అన్నాడు.

మావయ్యా, ఉన్నది ఉన్నట్టు రాయనివ్వండి. వెంటనే జవాబు రాయండి.

లెసీలి

తా.క.: మా పెద్దావిడ ఇంకా ఏడుస్తోంది. ఇప్పుడు కారణం వేరు.

*

ఫతూమా
ఆగస్టు 8

లెసీలీ,

బిలాము గాడిద కూడా మాట్లాడింది. అయితే దానికి దేవదూత కనబడ్డాడు. ఈ గాడిద దేనిని చూసి నోరు తెరిచింది?

మీ పిన్ని కూతురి పెళ్ళికి నలభై పందులు కాల్చి వరసగా పేర్చి, "ఈ దుంప ముక్కతో సరిపెట్టుకోండి" అని నేను చేతులు జోడించలేదా? ఏ ఒక్కడైనా పందులను పక్కకు నెట్టి దుంప కోసం వెతికాడా? ఇప్పుడు నన్ను, గుడి నడుమ నిలబడి తన్ను తాను మెచ్చుకున్న పరిసయ్యుణ్ణి చేయాలని చూస్తున్నావు. నిన్ను పొగడవలసినది పరాయి నోరు గాని నీ నోరు కాదని సొలొమోను చెప్పలేదా?

అయినా మన దీవిలో మత్సలె ఇంటి పిల్లవాడికి రెండు రోజులనుంచి జ్వరం. నిన్న సాయంత్రం వాళ్ళమ్మ ఒడ్డున నిలబడి పడవ వంక చూసిందని మీ అత్తయ్య చెప్పింది. నా వంక చూడలేదట. అందుకని తగ్గుతున్నాను. పడకల మాట మార్చుకో. భోజనం మాట మార్చుకో, మీ అత్తయ్య అయిదు వాక్యాలు తయారుగా ఉంచింది. పడవ రాయి, ఇంజన్లు రాయి.

నడిపేవాడి మాట మాత్రం ముట్టుకోవద్దు.

పౌలియాసి

తా.క.: మత్సలె పిల్లవాడికి ఈ ఉదయం చెమట పట్టి జ్వరం దిగింది. దేవునికి స్తోత్రం. ప్రతిసారీ ఇలా దిగదు.

*

నుకుఅలోఫా
ఆగస్టు 13

మావయ్యకు,

మార్చాను. నాలుగు గదులు, పది పరుపులు, దోమతెరలు. కొబ్బరిపాలలో పచ్చిచేప, మట్టిపొయ్యిలో పెండలం, శనివారం పంది. రెండు ఇంజన్ల పడవ, పద్నాలుగు రక్షణ చొక్కాలు. ఇప్పుడు యంత్రం ఎంత బాగా చెబుతోందో! సిడ్నీనుంచి ఆరుగురు అడిగారు కూడా.

కాని వాళ్ళ మొదటి ప్రశ్న అదే: పడవ నడిపేది ఎవరు? అక్కడ మనం కొత్తగా ఏమీ చెప్పడం లేదు గనుక, యంత్రం మీ పాత వాక్యాన్నే పట్టుకు వేలాడుతోంది.

అన్నీ మార్చనిచ్చి ఆ ఒక్కటి ఎందుకు పట్టుకున్నారు? మూడు రాత్రులుగా ఆలోచిస్తున్నాను. మావయ్యా, అది మర్యాదకు రాసిన మాటేనా?

మీ లెసీలి

*

ఫతూమా
ఆగస్టు 24

నా తల్లీ లెసీలీ,

కాదు.

రెండేళ్ళయింది. కాగితాన్ని ముక్కుకు ఆనించుకుంటే అక్షరం కనబడుతుంది. చేయి చాచిన మేర దాటితే అంతా పొగమంచే. నేను దాచలేదు. గుడిలో చెప్పాను, నలుగురం కూడి కావా తాగే గిన్నె దగ్గర చెప్పాను: "సోదరులారా, నేను గుడ్డివాణ్ణి." "ఆహా, ఏమి వినయం!" అన్నారు. మా సంఘ కాపరి దాన్ని తన ప్రసంగంలో మూడుసార్లు వాడుకున్నాడు. ఇంతమంది విశ్వాసులలో నా మాట నమ్మింది ఆ యంత్రమొక్కటే.

మరింకొంచెం గట్టిగా చెప్పలేకపోయారా అంటావు. చెబితే ఆ సాయంత్రమే హోటలు మనిషి వచ్చి పడవను లాక్కుపోతాడు. చెప్పకపోతే నేనే ఎవరినో ముంచుతాను. అందుకని మర్యాద మాటల నడుమ పెట్టి చెబుతూ వచ్చాను. చెప్పానన్న తృప్తి, ఎవరూ నమ్మరన్న ధైర్యం. వేదికలెక్కి ఇతరుల పాపాలను పేరు పెట్టి పిలిచినవాణ్ణి, నా పాపానికి ఇంత చక్కని చొక్కా కుట్టించాను.

అయితే పడవ నడిచింది ఎలా? చుక్కాని దగ్గర నిలబడేది నేను. నా వెనక పెట్టె మీద కూర్చునేది మీ అత్తయ్య. నేను బట్టల మీద నడుముకు చుట్టుకునే చాప కొస ఆవిడ చేతిలో. ఎడమకు లాగితే ఎడమకు, కుడికి లాగితే కుడికి. రెండుసార్లు లాగితే కీర్తన ఆపమని. జూన్‌లో ఊళ్ళో తెంగా కూతురు నొప్పులతో పడవలో ఉండగా, పగడపు దిబ్బ మీద విరుగుతున్న నురుగు నాకు కనబడలేదు. వాసితీ లాగిన లాగుకు చాప చిరిగింది. ఇంకా పుట్టని ఆ బిడ్డతో కలిపి నలుగురం బతికాం. ఆ రోజునుంచి ప్రార్థనలో నా గొంతు నాకే అబద్ధంలా వినబడుతోంది.

ఇరవయ్యో తారీఖున అధికారి వచ్చాడు. చిన్నవాడు, బూట్లతో నీళ్ళలోకి దిగాడు.

"పడవ బాగుందా, పెద్దాయనా?"

"చెక్కముక్క, బాబూ" అన్నాను. అలవాటు.

"నోరు మూసుకోండి!" అంది మీ అత్తయ్య. "రెండు ఇంజన్లు బాబూ. మొన్ననే అడుగు గీకి రంగు వేశాం. కావాలంటే కింద దూరి చూసుకో."

దూరి చూశాడు. లేచి అడిగాడు: "నడిపేది ఎవరు?"

పేతురు కోడి కూతకు ముందు మూడుసార్లు బొంకాడు. నాకు రెండేళ్ళుగా ఎన్ని కోళ్ళు కూశాయో లెక్కలేదు. ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. "నేను కాదు. నాకు చూపు లేదు. నడిపేది ఈవిడ" అన్నాను.

వెనకనుంచి ఎవరో "ఆహా, ఏమి వినయం" అన్నారు. చిన్నవాడు మాత్రం నవ్వలేదు, కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత, "అయితే తీసుకెళ్ళమ్మా, చూస్తాను" అన్నాడు.

వాసితీ నా చేతిలోనుంచి చుక్కాని తీసుకుంది. నేను పెట్టె మీద కూర్చున్నాను. దిబ్బల నడుమ ఇరుకు దారిలో, వెనక్కి తీసే పాటు నీటికి ఎదురుగా, అల లేచే ముందే వేగం తగ్గిస్తూ తీసుకెళ్ళి తీసుకొచ్చింది. నేను ఎన్నడూ అంత నెమ్మదిగా పోలేదు. అధికారి ఒడ్డున దిగి, "పెద్దాయన అతిథులను ఎక్కించినందుకు హెచ్చరిక. ఈవిడకు అనుమతి" అని రెండు కాగితాలు రాశాడు. మొదటిది గోడకు అంటించుకున్నాను. నవంబరులో కంటి వైద్యుల ఓడ వస్తుంది, దానికి పేరిచ్చాను.

హోటలు మనిషి నెలాఖరు దాకా ఆగలేక నిన్ననే వచ్చాడు. "పడవావిడతో మాట్లాడుకో" అన్నాను. ఆవిడ ఆ సమయంలో, అనుమతి కబురు విని దిగిన సిడ్నీవాళ్ళ ఆరుగురినీ తిమింగిలాల దగ్గరికి తీసుకుపోయింది. ఎదురుచూసి, ఎండదెబ్బ తిని పోయాడు.

ఇక వెబ్‌సైట్‌లో ఈ విధంగా రాయి. ప్రశ్న: పడవ నడిపేది ఎవరు? జవాబు: వాసితీ. అనుభవం: పడవతో రెండేళ్ళు, మొగుడితో ముప్పై నాలుగు.

ఇప్పటికి చూపు వచ్చిన నీ మావయ్య,
పౌలియాసి

తా.క.: ఇది చదివి వినిపిస్తే మీ అత్తయ్య సిగ్గుపడి, "అట్లా వద్దండీ, చేతకాని ముసలిది నడుపుతోందని రాయండి, అదే మర్యాద" అంది. వద్దన్నాను. నమ్మేవాళ్ళున్నారు.