యాదగిరి పేరున్న టికెట్టు

దిల్‌సుఖ్‌నగర్.

అక్కయ్యకు సుమ నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగపడకు. నీ నడుంనొప్పి ఎలా ఉంది? బావగారు, పిల్లలు కులాసానా? ఫోన్‌లో అయితే సగంలోనే పెట్టేస్తానని ఇలా రాస్తున్నాను.

హాస్టల్ తిండి మామూలే, సాంబారులో పప్పు వెతుక్కోవాలి. రోజూ మెట్రోలో ఎల్‌బీ నగర్ వెళ్తాను. మా ఆఫీసులో ప్రైవేటు బస్సుల టికెట్ల ప్రోగ్రాము నడుపుతాం. అది రాసిన పైథాన్ అనే కంప్యూటరు భాషలో మ్యాచ్ అని ఒకటుంది. వచ్చిన టికెట్టును మేం రాసిపెట్టిన వరుసల్లో పైనుంచి కిందికి ఒక్కోదానితో పోల్చుకుంటూ పోతుంది; ఏది ముందు సరిపోతే అక్కడే ఆగిపోతుంది. రద్దీ రోజుల్లో అది నెమ్మదిస్తోందని, వేగం పెంచే పని నాకిచ్చారు.

అన్నిటికన్నా పైన ఒక వరుస ఉంది. పేరు యాదగిరి, మగ, వయసు ఇరవై నాలుగు, వెళ్లేది ఏ ఊరికైనా సరే. ఆ పేరును జనం ఎన్ని రకాలుగా రాస్తారో అన్నిటితోనూ పోల్చి చూస్తుంది. ఆలస్యమంతా అక్కడే.

అది నా పక్కన కూర్చునే నర్సింహన్న రాసింది. వాళ్లది నకిరేకల్ దగ్గర పల్లె. తమ్ముడు యాదగిరి ఇంటర్ తప్పి, ఎల్‌బీ నగర్‌లో ఏదో బస్సెక్కాడట; మళ్లీ కనబడలేదు. ఆ వరుసకు టికెట్టు తగిలితే నర్సింహన్న ఫోన్ మోగుతుంది. నోటి దగ్గర ముద్ద ఉన్నా వదిలేసి బస్సు దగ్గరికి పరుగెత్తుతాడు. "మనోడు గాదు చెల్లె" అంటూ తిరిగొస్తాడు. ఏటా తమ్ముడి పుట్టినరోజున ఆ వయసుకు ఒకటి కలుపుతాడు.

నాకూ అదే పట్టుకుందేమోనని భయంగా ఉంటోందక్కా. ఎన్నడూ చూడని ఆ కుర్రాడి కోసం మెట్రో మెట్ల మీద అందరి మొహాల్లోకీ చూస్తున్నాను.

మేనేజర్ ఆ వరుస తీసెయ్యమన్నారు. మనసొప్పక, నకిరేకల్ వైపు టికెట్లను మాత్రమే అది చూసేలా కిందికి దించాను. ప్రోగ్రాము చురుకైంది. మంచి ఉపాయమే దొరికిందని మురిసిపోతూ నర్సింహన్నకు చూపించాను. ఆయన స్క్రీన్ మీద నకిరేకల్ అన్న మాట దగ్గర వేలు పెట్టాడు.

"ఇంటికి పొయ్యే బస్సే ఎక్కుతడని నీకెవరు చెప్పిన్రు చెల్లె? ఇంటికి పోవాలనుంటే గిన్నేండ్లు ఎందుకు పోకుండ ఉంటడు?"

వరుసను మళ్లీ పైకి చేర్చేశాను. సోమవారం మేనేజర్‌కు చెప్పాలి. తిడితే పడతాను, వేగం ఇంకెక్కడైనా వెతుకుతాను.

అత్తయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఇక్కడికి వచ్చేటప్పుడు కాస్త కందిపొడి తీసుకురా. నువ్వు టికెట్టు తీసుకున్నా, యాదగిరివి కాదు కదా అని చూశాకే మా ప్రోగ్రాము నీకు సీటిస్తుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే విసుక్కోకు.

మీ అందరి దీవెనలు కోరుతూ,
నీ చెల్లెలు సుమ