కావాలనే ఫ్లష్ చేయలేదు

లేవగానే బాత్రూంలోకి వెళ్లి చూడు. తెల్లవారుజామున నువ్వు ఫ్లష్ చేయడం మరిచిపోయావు. నీ కళ్లతో చూస్తే గానీ నమ్మవని నేనూ అలాగే వదిలేశాను. మూత్రం డికాషన్ రంగులో ఉంది. బరువులెత్తడం శ్రుతి మించి కండ చితికితే అలా వస్తుంది, కిడ్నీలు పాడవుతాయి. డయాలసిస్‌లో మామయ్యగారి పక్క మంచం కుర్రాడికి ఇలాగే మొదలైందట.

తలుపు బాదితే "కాళ్లు పట్టేశాయి, పడుకోనీ వదినా" అన్నావు. మామయ్యగారి డయాలసిస్‌కు వేళ మించిపోతోంది, మేం వెళ్తున్నాం. మీ అన్నయ్య డ్యూటీ మధ్యలోనే బయల్దేరారు. ఆయన రాగానే ఎమర్జెన్సీకి వెళ్లు. జిమ్ సంగతి దాచకు. నీళ్లు తాగుతూ ఉండు. నొప్పి మాత్రలు మాత్రం ముట్టుకోకు, కిడ్నీలకు ఇంకా చేటు. నీ ప్రోటీన్ పొడి డబ్బా నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

మామయ్యగారికి నీ కిడ్నీ ఇచ్చాక నెలల తరబడి బరువులెత్తనివ్వరని, ఆ కసరత్తంతా నిన్న ఒక్కరోజే చేసేశావు. నువ్వు మెట్లమీద కూర్చుని జరుగుతూ దిగుతుంటే "హీరోగారికి పల్లకీ తెప్పించమంటారా?" అని నవ్వాను. నొప్పి పుడితేనే కండ పెరుగుతుందన్న నీ మాట నేనూ నమ్మాను.

మామయ్యగారికి ఏమీ చెప్పలేదు, నువ్వూ ఫోన్‌లో చెప్పకు. ఇందాక చెప్పులేసుకుంటూ "చిన్నోడు లేచాడా?" అని అడిగారు. లేదన్నాను. "పడుకోనీ అమ్మా. వాడి ఒంట్లో నా వాటా కూడా ఉందిగా, దానికీ విశ్రాంతి కావాలి" అని నవ్వారు.