నువ్వడిగిన వెయ్యి గజాలు

సెప్టెంబరు 21, ఆదివారం

తమ్ముడు లైల్‌కి,

అక్క నెల్డా దీవించి రాసేది. ఇక్కడ నేనూ, ఓడెల్ బాబాయీ, మన ముసలి కుక్కా క్షేమమే. క్షేమంగా లేనిది నా ఓపిక ఒక్కటే. నువ్వు అక్కడ వేళకు తింటున్నావనీ, ఎవరితోనూ మాట పెంచుకోవడం లేదనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పన్ను పీకించుకున్నాక నొప్పి తగ్గిందన్నావు, మంచిది. నీ ట్రక్కు సంగతి అడిగావు. వారానికోసారి స్టార్ట్ చేసి గేటు దాకా నడిపి తెచ్చి పెడుతున్నాను. నేను ఇంకా స్కూలు బస్సే నడుపుతున్నాను. ఈ ఏడు నాకు కొత్త దారి ఇచ్చారు, దుమ్ము తప్ప ఇంకేమీ లేదు అటు. నాన్న తుపాకీ గురించి కూడా అడిగావు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు ఆ దూరం కొలిచే యంత్రం, రేంజ్ ఫైండర్ సంగతి తేలుస్తాను, దానివల్ల నాకు రెండు నెలలుగా ఒళ్లు మండుతోంది.

నువ్వు వేట పత్రికలోంచి చించి పంపిన కాగితాలన్నీ చదివాను. "వెయ్యి గజాలు చెప్పలేనిది కొనడం దండగ" అని రాసి కింద రెండు గీతలు కూడా గీశావు. ఆ కాగితంలో ఉన్న యంత్రం వెలకు నీ ట్రక్కుకి ఇంజిను వస్తుంది. ఆ పత్రిక రాసేవాళ్లకి వాటిని ఎవరో ఊరికే ఇస్తారు లైల్. స్కూలు బస్సు నడిపే ఆడదానికి ఎవరూ ఇవ్వరు.

అసలు నాకిది ఎందుకు కావలసి వచ్చిందో నీకు తెలుసు. నిరుడు ఆ వాగు పక్కన జింక ముప్పై గజాల్లో ఉందనుకున్నాను. నలభై దాటి ఉంది. మన దిక్కున చెట్టూ పుట్టా లేని నేల, కంటికి ఏది దగ్గరో ఏది దూరమో తెలిసి చావదు. బాణం కిందికి జారి తొడలో దిగింది. రెండు రోజులు రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను, దొరకలేదు. మాంసం పోతే పోయింది. అది ఎక్కడో పొదలో పడి ఎంతసేపు కొట్టుకుందో అన్న ఆలోచన మాత్రం నన్ను వదల్లేదు. ఇంకోసారి అలా జరిగితే విల్లు విరిచి పొయ్యిలో పెడతానని అప్పుడే అనుకున్నాను.

అందుకని జూలైలో పోస్టులో ఒకటి తెప్పించాను. చవకది. పెట్టె మీద వెయ్యి గజాలు అని పెద్ద అక్షరాలు. నీ మాట నిలబెట్టానని మురిసిపోయాను కూడా. బస్సు ఆపినప్పుడల్లా కిటికీలోంచి రోడ్డు మీది బోర్డులు కొలిచేదాన్ని, ఠక్కున చెప్పేది. తీరా పొలంలోకి తీసుకెళితే, తెల్లవారుజామున అందులో అంకెలే కనబడలేదు. నల్ల అంకెలు, వెనక నల్లటి సేజ్ పొదలు. జింకలు కదిలేది ఆ వేళకే కదా. వెలుగు వచ్చాక గట్టుమీది జింక మీద పెట్టి నొక్కితే అంకెకు బదులు మూడు గీతలు చూపించి ఊరుకుంది. అది మూడు వందల గజాలైనా ఉండదు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఆ కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మర్యాదకే నాకు ఇంకా మండింది.

"మేడమ్, ఆ వెయ్యి గజాలనేది మెరిసే వస్తువులకి. జింక ఒంటికి లేజర్ సరిగా తిరిగి రాదు."

"మరి పెట్టె మీద జింక బొమ్మ ఎందుకేశారు? మెరిసే జింకని మీరెక్కడైనా చూశారా?"

చూడలేదన్నాడు. డబ్బు వెనక్కి పంపుతామన్నాడు, పోస్టు ఖర్చు మాత్రం నాదేనట.

ఈ సంగతి బాబాయికి చెప్పకుండా ఉండాల్సింది. చర్చిలో లాటరీ తీస్తే ఆయనకొక గోల్ఫ్ ఆటవాళ్ల రేంజ్ ఫైండర్ వచ్చింది, నీకు రాశాను కదా. ఆయన జన్మలో గోల్ఫ్ ఆడలేదు. దాంతో పక్క పొలం వాళ్ల ఆవులు కంచెకి ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి పోట్లాడుతుంటాడు. అది తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దూరమంటే దూరమేనే పిల్లా. బంతికో దూరం, జింకకో దూరం ఉంటాయా?" అన్నాడు.

ఉంటాయట తమ్ముడూ. గోల్ఫ్ వాళ్లకి ముందున్న జెండా కావాలి, వెనకున్న చెట్లు అక్కర్లేదు. అందుకని అది ముందు ఏది అడ్డమొస్తే దాని దూరమే చెబుతుంది. మనకి కావలసింది సరిగ్గా తిరగబడి ఉంటుంది. పొదలు వదిలేసి వెనక నిలబడ్డ జంతువును చూడాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. వేట సీజన్ మొదటి వారం, గాలి నా ముఖం మీదికి కొడుతోంది, మంచి కొమ్ములున్న మగ జింక జూనిపర్ పొద వెనక నిలబడి నమలుతోంది. యంత్రం ఇరవై రెండు అంది. నేను ఇరవై రెండుకే గురిపెట్టి వదిలాను. బాణం దాని పొట్ట కింద నేలలో దిగింది. అది తలెత్తి బాణం వంక చూసింది, నా వంక చూసింది, తీరిగ్గా నడిచి వెళ్లిపోయింది. ఇరవై రెండు గజాల్లో ఉన్నది జూనిపర్ కొమ్మ. దెబ్బ తగలకుండా పోయింది, అదే అదృష్టం. కాస్త ఎత్తుగా వెళ్లి ఉంటే మళ్లీ నిరుటి కథే.

బాబాయి మీద అరిచాను. "కొమ్మ అడ్డం ఉంటే యంత్రమేం చేస్తుంది, కళ్లు నీవి కావా?" అన్నాడు. ఆ యంత్రం ఆయన ఒళ్లో పడేసి వచ్చాను.

ఆ తర్వాతి శనివారం కాస్పర్ పట్నం వెళ్లాను. ఊరి చివర పశువుల సంత పక్కన వాండా క్రోగ్ అనే ఆవిడ పాత వేట సామాను కొట్టు నడుపుతుంది. నాకంటే పదేళ్లు పెద్దది, మాట కటువు. నీ కాగితం ఆమె ముందు పెట్టి, ఇంత డబ్బుంది, వెయ్యి గజాలు కావాలన్నాను. ఆవిడ కాగితం వంక చూడనైనా చూడలేదు.

"నువ్వు వేటాడేది దేంతో?"

"విల్లుతో."

"ఎంత దూరం దాకా కొడతావు?"

నలభై గజాలు దాటితే కొట్టనని చెప్పాను.

"మరి మిగతా తొమ్మిది వందల అరవై దేనికమ్మా?" అంది.

రెండు నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. నువ్వు అడగలేదు, పత్రిక అడగలేదు, ఫోన్‌లో కుర్రాడు అడగలేదు. నన్ను నేనే అడగలేదు, అది ఇంకా సిగ్గు. వాండా పొద్దుగూకేదాకా కూర్చోబెట్టి, అప్పుడు రెండు యంత్రాలు నా చేతికిచ్చి కొట్టు వెనక్కి తీసుకెళ్లింది. సంతలో నల్ల ఆవులు, మధ్యలో తీగ కంచె. మొదటిది కంచె దూరం చెప్పింది. రెండోదానికి ఒక మీట ఉంది, అది తిప్పితే కంచె వదిలేసి ఆవు దూరం చెప్పింది. అంకెలు ఎర్రగా వెలుగుతున్నాయి, మసక చీకట్లో కూడా చదవగలిగాను. గట్టు మీంచి కిందికి కొట్టేటప్పుడు ఏటవాలు లెక్క కూడా అదే తీసేస్తుంది. ఎవరో రెండేళ్లు వాడిన సరుకు, ఒక మూల గీరుకుపోయింది. ఆరు వందల గజాలకు మించి పనికిరాదు. నువ్వు పెదవి విరుస్తావని తెలుసు. విరువు. అదే తీసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. ఇందాకటి నుంచి యంత్రాల గోల ఇంత పొడుగ్గా రాసింది దీన్ని వాయిదా వేయడానికేనని నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ శనివారం నేను కాస్పర్ వెళ్లింది రేంజ్ ఫైండర్ కోసం కాదు. ట్రక్కులో సీటు వెనక, దుప్పటిలో చుట్టి, నాన్న తుపాకీ ఉంది. దాన్ని వాండాకి అమ్మేశాను.

ఆగస్టు చివర్లో, నువ్వు బయటికొచ్చాక నీమీద కన్నేసి ఉంచే పెరోల్ ఆఫీసరు హాస్క్యూ వచ్చాడు. నువ్వు వచ్చి ఉండబోయే ఇల్లు చూడాలన్నాడు. గదులన్నీ తిరిగాడు, అల్మరా తెరిచాడు, తుపాకీ చూశాడు. చెడ్డవాడేం కాదు, టోపీ తీసి చేత్తో పట్టుకుని మాట్లాడాడు. "ఇది ఇక్కడున్నంత కాలం మీ తమ్ముడు ఈ ఇంటికి రాలేడమ్మా. పట్నంలో జైలు నుంచి వచ్చినవాళ్లుండే హాస్టల్‌కి పంపిస్తారు" అన్నాడు. పక్కింట్లో మా బాబాయి దగ్గర పెడితేనో అని అడిగాను. "అతని చెయ్యి అందే చోట ఉంటే అతని దగ్గరున్నట్టే" అన్నాడు. పెరోల్ అయిపోయాక అయినా తుపాకీ ఉంచుకోనిస్తారా అంటే, ఇప్పట్లో ఆశ పెట్టుకోవద్దన్నాడు.

ఇది నీకు తెలియనిది కాదు. కోర్టులో చదివి వినిపించారు, నువ్వు సంతకం పెట్టావు, నేను నీ వెనక బెంచీలోనే ఉన్నాను. చమురు బావుల దగ్గర రాగి తీగ కోసిన నేరానికి మూడేళ్లు జైలు అని మాత్రమే నీ చెవికెక్కింది. ఇక తుపాకీ ముట్టకూడదన్న ఆ తర్వాతి వాక్యం ఎక్కలేదు. ఎక్కలేదో, ఎక్కించుకోలేదో. ప్రతి ఉత్తరంలోనూ తుపాకీకి నూనె రాయమంటావు, వచ్చే ఏడు అక్టోబరులో తుపాకీ వేటకి ఏ గట్టు మీద కూర్చోవాలో రాస్తావు. వెయ్యి గజాలు ఎవరికి కావాలో నాకు తెలియదా? నాకు కాదు, నీకు. నువ్వు నా కోసం కాదు యంత్రం ఎంచుతున్నది. అది తెలిసీ నీతో చెప్పలేక, నీ కాగితాలు పట్టుకుని కొట్లు తిరిగాను.

బాబాయి, తన షెడ్డులో దాస్తానన్నాడు. "ఎవడికి తెలుస్తుందే?" అన్నాడు. ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ నీకు తెలుస్తుంది. అక్టోబరు వస్తుంది, తెల్లారి లేస్తావు, షెడ్డు వంద అడుగుల్లో ఉంటుంది. నువ్వు ఒక్క సీజను కూడా ఆగలేవు లైల్. నిన్ను పెంచినదాన్ని, నాకు తెలుసు. మళ్లీ నిన్ను జైల్లో ఆ గాజు పలక ఇవతలి నుంచి చూడటం నా వల్ల కాదు. ఆ మాటే బాబాయితో అంటే, నాన్న బతికుంటే నన్ను గడప తొక్కనిచ్చేవాడు కాదన్నాడు. ఆ తర్వాత రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఇంకొకటి. పోయిన ఉత్తరంలో "తుపాకీ భద్రంగా ఉంది, నూనె రాశాను" అని రాశాను. ఆ ఉత్తరం రాసే నాటికి తుపాకీ వాండా కొట్టులో ఉంది. నూనె రాసిన మాట నిజం, అమ్మే ముందు రాశాను. నీకు అబద్ధం రాయడం నాకదే మొదటిసారి. పోస్టులో వేశాక వెనక్కి తీసుకుందామని మళ్లీ వెళ్లాను కూడా, పోస్టు డబ్బా అప్పటికే ఖాళీ చేశారు. రేంజ్ ఫైండర్ పోను మిగిలిన డబ్బు నీ పేరు మీద బ్యాంకులో వేశాను. అందులోంచి నేను పైసా ముట్టను.

నిన్న పొద్దున వాగు పక్క గట్టు మీద కూర్చున్నాను. ఆడ జింక ఒకటి పొదల్లోంచి దిగింది. మీట తిప్పి పెట్టి చూస్తే ముప్పై నాలుగు, ఏటవాలు తీసేస్తే ముప్పై ఒకటి. రెండోసారి చూశాను, అదే చెప్పింది. ఊపిరి వదిలి బాణం వదిలాను. అది నాలుగు అంగలు వేసి పడిపోయింది. కాలు కూడా కొట్టుకోలేదు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను, ఎందుకో అడగకు.

దాన్ని ఒక్కదాన్నే ట్రక్కులోకి ఎక్కించలేక తంటాలు పడుతుంటే, బాబాయి దూరం నుంచి చూసి వచ్చాడు. జింక వెనక కాళ్లు పట్టుకుని ఎత్తాడు. ఎక్కించాక ఆ యంత్రం ఇటివ్వు అని కంటికి పెట్టుకుని, పక్క పొలంలో ఆవుల్ని చూశాడు.

"విల్లు పట్టుకోవచ్చునా వాడు?" అన్నాడు.

పట్టుకోవచ్చు, హాస్క్యూని ముందుగా కాగితం మీద అడగాలట అని చెప్పాను.

"వాడిది ఎడమ చేతి వాటం కదే."

"వాండాతో చెప్పాను బాబాయ్. ఎడమ చేతి విల్లు పాతది వస్తే కబురు పెడుతుంది."

"వాడికి ఓపికెక్కడిది? రెండు రోజుల్లో విసిరి అవతల పారేస్తాడు."

"పారేస్తే నువ్వు ఏరుకొచ్చి మళ్లీ ఇవ్వు" అన్నాను. మాంసం కోసేటప్పుడు ఆయనే కత్తి నూరి ఇచ్చాడు.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. నాన్న చేత్తో నీకిచ్చిన వస్తువు, నిన్ను అడగకుండా అమ్మాను. ఒక్కటే అడుగుతున్నాను. నాలుగు పేజీల తిట్లు రాసి పంపకు. నీ ఉత్తరాలు నాకంటే ముందు అక్కడెవరో విప్పి చదువుతారు, మన ఇంటి తగువు వాళ్లకెందుకు? అవన్నీ దాచుకో. నవంబరులో నిన్ను వదిలాక రా. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని, నా ముఖం మీదే తిట్టు. ఎంతసేపు తిడతావో తిట్టు, నేను లేచి వెళ్లను.

ఇట్లు,
నీ తుపాకీ అమ్మేసిన అక్క,
నెల్డా